గోడకును పదును కావలెను

అనంతపురం సీమలో తొలకరి వాన కురిసిన మరునాడు రైతు చేనిలోనికి పోయి, పిడికెడు ఎర్రమన్ను తీసి ముద్దచేసి, మరల వ్రేళ్ళతో చిదిపి చూచును. ముద్ద నిలిచి, చిదిపినంతనే పొడిగా విడిపోయినచో "పదునైంది" అనును. ముద్ద కట్టకున్నచో పదును చాలదు. వ్రేళ్ళకు జిగురువలె అంటుకొన్నచో పదును మించినది. వేరుసెనగ విత్తుటయా, మానుటయా అను నిర్ణయమును అతడు ఈ పిడికెడు మన్నుతోనే చేయును.

వాన రాని యేడు ఆ రైతు కుమారుడు పని వెదకికొనుచు బెంగళూరునకు పోవును. అచ్చట కట్టుచున్న మేడలో మేస్త్రీ సిమెంటు, ఇసుక, నీరు కలిపిన మాలును పిడికెడు తీసి ముద్దచేయుట చూచును. ముద్ద నిలువవలెను, చేతినుండి నీరు కారరాదు. అటుపిమ్మట మేస్త్రీ గోడను అరచేతితో తాకి చూచును. చేను వేరు, గోడ వేరు. పరీక్ష మాత్రము ఒక్కటే. రెండు తావులందును తెలిసికొనవలసినది నీరు ఎంత ఉన్నది, ఎటు పోవుచున్నది అనునదే.

గోడకు పూత వేయుటను మనవారు కొన్ని తావుల గిలాబు అనియు, కొన్ని తావుల ప్లాస్టరింగు అనియు అందురు. ఇటుకపని నేర్చినవాడు ఈ పూతపనిని రెండవ విద్యగా ఏల నేర్వవలెను, ఎట్లు నేర్వవలెను, దాని వెనుకనున్న శాస్త్రమేమి అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

ఒక పని చాలదా?

అనంతపురం పీఠభూమిలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైఋతి ఋతుపవనములు పడమటి కనుమలపై తమ తేమను చాలవరకు విడిచి ఇచ్చటికి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి బలహీనపడును. ఈ రెండింటి నడుమ చిక్కిన మెట్టపొలములలో వేరుసెనగయే ముఖ్యమైన పంట. పూత పూసిన తరువాత వాన తప్పినచో ఊడలు గట్టిపడిన నేలలోనికి దిగవు, కాయ నిండదు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము దేశమునకంతకును ఈ జిల్లాలోని బండ్లపల్లియందే ప్రారంభింపబడెను. పనికొరత ఈ సీమను ఎంతగా బాధించినదో దీనివలన ఊహింపవచ్చును. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాత జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది. కాని వాన పటములో ఆ గీత కానరాదు.

పనికై వలసపోవువారిలో పెక్కుమందికి మొదట దొరకునది కట్టుబడి పని. రాయలసీమలో దీనిని బేల్దారి పని యందురు. మొదట ఇసుక మోయుట, మాలు అందించుట. కొంత కాలమునకు తాపీ చేతబట్టి ఇటుక పేర్చుట. ఇంతటితో తాను పనివాడనైతినని యువకుడు తలచును. కాని ఒక ఇంటి కట్టుబడిలో ఇటుకపనికి మొదలు, తుది కలవు. గోడలు లేచి, కప్పు పడి, విద్యుత్తు గొట్టములు అమర్చిన పిమ్మట ఇటుకపనివానికి ఆ యింట పని లేదు. పూతపని అప్పుడే మొదలగును. ఒక్క పని తెలిసినవాడు మూట సర్దుకొని వేరొక మేడ వెదకవలెను. అది దొరకువరకు తిండి ఖర్చు మాత్రము ఆగదు. రెండు పనులు తెలిసినవానికి అదే యింట రెండవ దఫా పని కలదు. ఊరికి తిరిగివచ్చినను పాత గోడల మరమ్మతు పని ఉండనే ఉండును.

ఇంకొక లాభము కలదు. రెండవ పని మొదటి పనిని చక్కబరచును. పూత వేయుట తెలిసినవాడు ఇటుక కట్టిన దినముననే, మాలు పచ్చిగా ఉండగనే, వరుసల నడుమ సందులను సుమారు 10 మిల్లీమీటర్ల లోతున గీకి ఉంచును. రేపు పూతకు అవియే పట్టు. గోడను దారపు గుండునకు సరిగా కట్టును. ఏలయన గోడ 12 మిల్లీమీటర్లు లోనికి వంగినచో, ఆ లోతును పూతతోనే నింపవలసి వచ్చుననియు, అచ్చట సిమెంటు రెట్టింపు ఖర్చగుననియు అతడు ఎరుగును.

నాలుగు పూతలు, నాలుగు స్వభావములు

పూతపని నేర్చువాడు మొట్టమొదట విడువవలసిన భ్రమ ఒకటి కలదు. అది "పూత ఎండి గట్టిపడును" అనునది. ఈ భ్రమ ఎచ్చటినుండి వచ్చినదో చూతము.

మన పల్లెలలో మొదటి పూత మట్టిపూత. ఎర్రమన్నును నీటితో నానబెట్టి, తరిగిన గడ్డి కలిపి, కాలితో త్రొక్కి గోడకు పూయుదురు. మట్టిలోని బంకకణముల నడుమనుండి నీరు పోగా, ఆ కణములు దగ్గరకు చేరి గట్టిపడును. గడ్డిపరకలు పగుళ్ళను అడ్డును. ఇచ్చట ఏ క్రొత్త పదార్థమును పుట్టదు. మరల తడిపినచో మరల బురదయే యగును. కావున మట్టి నిజముగానే ఎండి గట్టిపడునది.

రాయలసీమ మిద్దెలపై పరచు చౌటిమన్ను ఈ జాతిలో వింతయైనది. చౌటిమన్నులో సోడియం అధికము. తడిసినప్పుడు దాని బంకకణములు ఉబ్బి, విడివిడిగా చెదరి, సన్నని రంధ్రములను మూసివేయును. నీరు లోనికి దిగదు. చేనిలో రైతునకు శత్రువైన ఈ గుణమే మిద్దెపై అతని యింటిని కాచును. పెద్దలు ఏటేట వానలకు ముందు మిద్దెపై క్రొత్తగా చౌడు పోయించుటలోని మర్మమిదియే.

రెండవది సున్నపు పూత. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చినచో బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నము మిగులును. దానిపై నీరు పోసినచో బుసబుస పొంగి తడి సున్నమగును. దీనిని ఇసుకతో చేర్చి గానుగలో నూరి, కొన్ని తావుల కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి పూయుచుండిరి. ఈ పూత గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దమునాటి చిత్రములను నేటికిని నిలిపినది రాతిపై వేసిన ఇట్టి సున్నపు పూతయే.

మూడవది సిమెంటు పూత. 1824లో ఇంగ్లండునందలి లీడ్సు నగరమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనునతడు పోర్టులాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. అతడు వృత్తిచే ఇటుకపని చేయు మేస్త్రీ. తాను కనుగొన్న పొడికి అతడు చెప్పిన ఉపయోగములలో గోడల పూత ఒకటి. అనగా ఈ సిమెంటు పుట్టుకలోనే ఇటుకపనియు పూతపనియు కలసియున్నవన్నమాట. నేటి సిమెంటును సున్నపురాయి, బంకమన్ను మున్నగువానిని సుమారు 1450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చి, కొంత జిప్సం చేర్చి పొడిచేసి తయారుచేయుదురు. తాడిపత్రి ప్రాంతమునగల సున్నపురాయి ఈ పరిశ్రమకు ఆధారమైనది. సిమెంటు కణము నీటితో రసాయనికముగా కలిసి క్రొత్త పదార్థములను పుట్టించును. అవి సన్నని పోగులుగను, పలకలుగను పెరిగి ఒకదానితో నొకటి పెనవేసికొని ఇసుక రేణువులను బంధించును. ఈ చర్యకు నీరు ఆహారము. నీరు పోయినచో చర్య ఆగును.

నాల్గవది జిప్సం పూత. నగరములలో లోపలి గోడలకు దీనినిప్పుడు విరివిగా వాడుచున్నారు. వేరుసెనగ రైతు పూత దశలో ఎకరమునకు 200 కిలోల వంతున చేనికి వేయు జిప్సమును సుమారు 150 డిగ్రీల వద్ద వేడిచేసినచో, దానిలోని నీటిలో ముప్పాతిక భాగము పోవును. ఆ పొడి మరల నీటిని గ్రహించి అరగంట ప్రాంతమున గట్టిపడును. దీనికి దినములకొలది తడి అక్కరలేదు. కాని జిప్సం నీటిలో కొద్దిగా కరగును; కావున వెలుపలి గోడలకును, స్నానపు గదులకును అది తగదు.

మట్టి ఎండి గట్టిపడును. సున్నము గాలిని పీల్చి గట్టిపడును. సిమెంటు నీటిని త్రాగి గట్టిపడును. జిప్సం తాను పోగొట్టుకొన్న నీటిని తిరిగి గ్రహించి గట్టిపడును. మట్టిపూత చూచి పెరిగిన యువకుడు సిమెంటు పూతనుగూడ ఎండనిచ్చుట సహజము. చాలినంత తడి దొరకని పూత పైకి తెల్లగా, గట్టిగా కనిపించును. ఏడాది తిరుగునప్పటికి గోరుతో గీకిన ఇసుకగా రాలును.

మాలు గోడను పట్టుకొను విధము

ఇటుకపనిలో మాలు అడ్డముగా పరచబడి, ఇటుక బరువుచే అదుముకొనును. అచ్చట భూమ్యాకర్షణ మేస్త్రీకి తోడు. పూతపనిలో మాలు నిలువు గోడను పట్టి వ్రేలాడవలెను. ఇచ్చట ఆ ఆకర్షణయే ఎదిరి. కావున ఇటుకపని చక్కగా వచ్చినవాడు సైతము మొదటి దినమున విసరిన మాలులో సగము నేలపాలు చేయును. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. చేతికి క్రొత్త లెక్క తెలియవలెను.

మాలును గోడకు పట్టియుంచునవి రెండు. మొదటిది గోడయొక్క పీల్చుడు. దీపపు వత్తి నూనెను లాగునట్లు, ఇటుకలోని సన్నని రంధ్రములు నీటిని లాగును. ఆ నీటితోపాటు సన్నని సిమెంటు కణములును రంధ్రముల మొగములలో చేరి, గట్టిపడి, వేళ్ళవలె పట్టుకొనును. రెండవది గరుకుదనము. గీకిన సందులలోనికి మాలు దూరి మేకువలె నిలుచును.

ఇటుక ఎంత నీరు పీల్చును? సాధారణపు కాల్చిన ఇటుక 24 గంటలు నానినప్పుడు తన బరువులో 20 శాతమునకు మించి పీల్చరాదని భారత ప్రమాణములు విధించుచున్నవి. అనగా మూడు కిలోల ఇటుక 600 గ్రాములవరకు నీరు త్రాగవచ్చును. ఎండలో కాగిన గోడపై మాలు వేసినచో, ఆ దాహమునకు మాలులోని నీరంతయు నిమిషములలో ఇటుకలోనికి పోవును. సిమెంటునకు ఆహారము మిగులదు. అట్లని గోడను కారునట్లు తడిపినచో రంధ్రములు ముందే నిండి, పీల్చుడు నశించి, మాలు జారిపోవును. లోపల తడి ఉండవలెను, పైన నీటి మెరుపు ఉండరాదు. చేను విత్తుటకు తగిన పదును ఎట్టిదో, గోడ పూతకు తగిన పదునును అట్టిదే.

అనంతపురం సీమలో రాతిగోడలు మెండు. నల్లరాయి నీటిని దాదాపు పీల్చదు. దానికి గరుకుదనమొక్కటే దిక్కు. రాతిని, కాంక్రీటును ఉలితో గాట్లు కొట్టి, దుమ్ము కడిగి, సిమెంటు, ఇసుక కలిపిన పలుచని మాలును చిమ్మి గట్టిపడనిచ్చి, దానిపై పూత వేయవలెను. ఇటుకయు కాంక్రీటును కలియు చోట రెండును వేర్వేరుగా వ్యాకోచించి సంకోచించును. అచ్చట సన్నని తీగవలను పరచి పూసినచో పగులు తగ్గును.

నీరు పోయుటయా, నీరు పోకుండ చూచుటయా?

ఇప్పుడు కొంత లెక్క చేయుదము. పది చదరపు మీటర్ల గోడకు 12 మిల్లీమీటర్ల మందమున పూత వేయవలెననుకొనుడు. మాలు ఘనపరిమాణము 0.12 ఘనపు మీటరు. పొడి దినుసులు కలిపినప్పుడు కుదించుకొనును. సందులలోనికి కొంత పోవును. కావున సుమారు 0.16 ఘనపు మీటరు దినుసులు కావలెను. ఒకటికి నాలుగు పాళ్ళ మాలులో సిమెంటు అయిదవ వంతు, అనగా 0.032 ఘనపు మీటరు. ఘనపు మీటరు సిమెంటు 1440 కిలోలు కావున ఇది సుమారు 46 కిలోలు. ఒక బస్తాకు కొంచెము తక్కువ.

ఈ 46 కిలోల సిమెంటు రసాయనికముగా కలుపుకొను నీరు దాని బరువులో 23 శాతము, అనగా సుమారు 11 లీటర్లు. కాని మాలు మెత్తగా సాగుటకై మనము 25 లీటర్ల ప్రాంతమున నీరు పోయుదుము. చూడుడు, కావలసినదానికంటె రెట్టింపు నీరు మొదటనే మాలులో ఉన్నది! మరి పూత ఏల దాహముతో చెడును?

ఆ 25 లీటర్లను పది చదరపు మీటర్లపై పరచినట్లు ఊహింపుడు. నీటి మందము రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే. ఈ సీమలో వేసవినాడు ఆరుబయట పళ్ళెములో నుంచిన నీరు ఒక్క దినములో ఇంతకంటె ఎక్కువ ఆవిరియగును. దానికి గాలి తోడైనచో చెప్పనక్కరలేదు. రామగిరి గుట్టలపై గాలిమరలను త్రిప్పు ఆ గాలియే పచ్చి గోడలోని నీటినిగూడ తీసికొనిపోవును. కాంక్రీటు దూలము మందముగా ఉండుటచే కొంత ఓర్చుకొనును. పలుచని పూతకు ఆ ఓర్పు లేదు.

కావున కరవు సీమలో పూతపనివాడు నేర్వవలసిన మొదటి సూత్రము: నీరు పోయుటకంటె నీరు పోకుండ చూచుట మేలు. రైతు వాన వెలిసిన పిమ్మట గుంటక తోలి పైమన్ను విడదీసి, అడుగు తేమ ఆవిరి కాకుండ కాపాడుట ఎరుగునుగదా! గోడ విషయమున చేయదగినవి ఇవి. పడమటి గోడను ఉదయమున, తూర్పు గోడను మధ్యాహ్నము దాటిన పిమ్మట, నీడలో ఉండగా పూయవలెను. పూత కొంత గట్టిపడినంతనే తడి గోనెపట్టాలు వ్రేలాడదీసి, వానిపై ప్లాస్టిక్ పట్టా కప్పవలెను. గాలి వచ్చు కిటికీ సందులను మూయవలెను. నీటిని ఒకేసారి బకెట్లతో కొట్టుటకంటె సన్నని తుంపరగా దినమునకు పలుమార్లు చల్లుట మంచిది. 1972లో ప్రకటింపబడిన భారత ప్రమాణము 1661 పూతను కనీసము ఏడు దినములు తడిగా ఉంచవలెనని చెప్పుచున్నది. కప్పియుంచిన గోడకు ఈ వారమంతయు కావలసిన నీరు, కప్పని గోడకు కావలసినదానికంటె ఎంతో తక్కువ. త్రాగునీరు బిందెలతో మోసికొను ఊరిలో ఈ తేడా చిన్నది కాదు.

నీటి మంచిచెడ్డలుగూడ చూడవలెను. ఉప్పు నీటితో కలిపిన పూత ఆరునప్పుడు నీరు పైకి వచ్చి ఆవిరియై, ఉప్పును గోడపై తెల్లని పొడిగా విడిచిపోవును. చౌడు కలిసిన ఇసుకయు ఇట్లే చేయును. పెన్న, చిత్రావతి ఇసుక అయినను, రాతిని పొడిచేసిన ఇసుక అయినను, జల్లించి, మురికి పరీక్షించి వాడవలెను.

పగులు చెప్పు కథ

పగుళ్ళను చదువుట వైద్యుడు నాడి చూచుటవంటిది. పూత పైభాగమున వలవలె అల్లుకొన్న సన్నని పగుళ్ళు కనిపించినచో, సిమెంటు ఎక్కువైనదనియో, పైపైన పొడి సిమెంటు చల్లి రుద్దినారనియో, పైపొర త్వరగా ఎండినదనియో గ్రహింపవలెను. సిమెంటు ఎంత ఎక్కువైన గోడ అంత గట్టి అనుకొనుట పొరపాటు; సిమెంటు పాలు పెరిగినకొలది ఆరునప్పుడు కుంచించుకొనుటయు పెరుగును. గోడను కణుపుతో తట్టినప్పుడు డొల్లగా మ్రోగినచో, పూత గోడను విడిచినదన్నమాట. ఇది ఎండిన ఇటుక లేక దుమ్ము కడగని రాతి ఫలము. కిటికీ మూలనుండి ఏటవాలుగా పోవు లోతైన పగులు పూత దోషము కాకపోవచ్చును. అది గోడ కదలిక. దానిపై ఎన్నిమార్లు పూత వేసినను మరల పగులును. కారణము తెలియక మరమ్మతు చేయువాడు యజమాని డబ్బును, తన పేరును కూడ పోగొట్టుకొనును.

నేర్చుకొను క్రమము

ఇటుకపనివానికి తాపీ, దారపు గుండు, రసమట్టము, మూలమట్టము ముందే అలవాటు. క్రొత్తగా రావలసినవి మూడు: విసరుట, బద్ద లాగుట, చెక్కపలకతో రుద్దుట. ఒక క్రమమున నేర్చినచో ఇవి సులభమగును. మొదట మాలు కలుపుట. సిమెంటు నీరు తగిలిన అరగంట తరువాత ఎప్పుడైనను బిగియ నారంభింపవచ్చును. కావున అరగంటలో వాడగలిగినంతయే కలుపవలెను. బిగిసిన మాలులో మరల నీరు పోసి మెత్తపరచుట, తెగిన నూలును నీటితో అతుకుటవంటిది. పిమ్మట మరుగున నుండు చిన్న గోడపై విసరుట అభ్యసింపవలెను. చిన్న చిన్న మాలుముద్దలను గుర్తులుగా పెట్టి, దారపు గుండుతో సరిచూచి, వాని నడుమ నింపి, బద్దను అడ్డముగా కదలించుచు పైకి లాగినచో గోడ ఒకే మట్టమునకు వచ్చును.

చెక్కపలకతో రుద్దుటకు సమయము గుర్తెరుగుటయే అసలైన నేర్పు. నీటి మెరుపు పోయి, బొటనవ్రేలు నొక్కినప్పుడు కొద్దిగా మాత్రమే గుంట పడవలెను. ముందుగా రుద్దినచో సన్నని సిమెంటు, నీరు పైకి తేలి బలహీనమైన పొర ఏర్పడును. ఆలస్యమైనచో పూత చిరుగును. మూలలు, కిటికీ అంచులు తరువాతి మెట్టు. కప్పుక్రింది పూత అన్నిటికంటె చివరిది. అచ్చట పూత పలుచన, మెడకు శ్రమ, కన్నులకు అపాయము. తడి సిమెంటు తీక్ష్ణమైన క్షారము. చర్మమును తినివేయును, కంటిలో పడిన చూపునకే ముప్పు. చేతితొడుగులు ధరించుట, పడినంతనే మంచినీటితో చాలసేపు కడుగుట మేస్త్రీ గౌరవమునకు లోపము కాదు.

పని ప్రక్కన పనివాని వద్ద నేర్చుటయే మన సంప్రదాయము. దానికి తోడు శిక్షణకై 1998లో హైదరాబాదున జాతీయ నిర్మాణ విద్యాసంస్థ ఏర్పడెను. 2016లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస యోజన క్రింద నిజమైన ఇళ్ళ కట్టుబడియందే గ్రామీణ తాపీమేస్త్రీలకు శిక్షణ ఇచ్చి యోగ్యతాపత్రము ఇచ్చు ఏర్పాటు జరిగెను. చేతిలో పని ఉండియు కాగితము లేనివానికి ఇట్టి పత్రము క్రొత్త ఊరిలో సాక్షివలె ఉపకరించును.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. మన పల్లెలలో గోడకు మట్టి పూసి, పేడతో అలికి, ముగ్గు తీర్చువారు స్త్రీలు. మట్టి ఎంత మెత్తగా ఉండవలెనో, చేయి ఎంత నొక్కవలెనో వారికి తెలిసినంత మరెవ్వరికిని తెలియదు. కాని మేడ కట్టుబడిలో వారే మాలుతట్ట మోయుచుందురు. తాపీ పురుషుని చేతిలో నుండును. మేస్త్రీ కూలి మోత కూలికంటె ఎక్కువ. పూతపనిని రెండవ విద్యగా నేర్పునప్పుడు మొదట పిలువదగినవారు ఈ తొలి విద్య తెలిసినవారు కారా?

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

పొడి ఇటుకను తూచి, దినమంతయు నానబెట్టి, పైతడి తుడిచి మరల తూచుడు. హెచ్చిన బరువును శాతముగా లెక్కించుడు. అదేవిధముగా ఒక రాతిముక్కను పరీక్షించి పోల్చుడు.

గాజుసీసాలో సగమువరకు ఇసుక పోసి, చిటికెడు ఉప్పు వేసిన నీటితో నింపి, బాగుగా కుదిపి, కొన్ని గంటలు కదలక ఉంచుడు. ఇసుకపై మురికి పొరగా నిలుచును. పొర మందమును కొలిచి ఇసుక ఎత్తుతో పోల్చుడు. మురికి నూటికి ఎనిమిది పాళ్ళకు మించినచో ఆ ఇసుక కడుగక వాడరాదు.

ఒకే మాలుతో రెండు చిన్న బిళ్ళలు పోసి, మరునాటినుండి ఒకదానిని ఎండలోను, రెండవదానిని తడి గోనెలో చుట్టి నీడలోను ఏడు దినములు ఉంచుడు. తరువాత రెండింటిని మేకుతో గీచి చూడుడు. ఏది ఇసుకగా రాలునో విద్యార్థులు ముందే ఊహించి వ్రాసికొని, ఫలితముతో సరిచూచుకొనవలెను. మాలును చేతితో తాకక కర్రతో కలుపునట్లు ఉపాధ్యాయులు చూడవలెను.

సెలవులలో తండ్రితోడనో, అన్నతోడనో బేల్దారి పనికి పోవు విద్యార్థులు కొందరు తరగతిలో ఉండవచ్చును. ఈ పరీక్ష చేయు దినమున వారిని ముందునకు పిలిచి, గోడకు పదును ఎట్లు చూతురో తక్కినవారికి చూపుమని అడుగుట మంచిది. రసాయన శాస్త్రము పుస్తకములో చెప్పిన మాటను వారి అరచేయి ముందే ఎరుగును; ఆ ఎరుకకు కారణము తెలిసిననాడు రెండవ విద్య వారికి సగము వచ్చినట్లే.